‘గేమ్ ఓవర్’ అని చెప్పే ఆట కావాలి

బేతంచెర్లలో ఇంటి నేలే ఆటబల్ల. చుట్టుపక్కల గనుల్లో తీసిన నాపరాయి ఫ్యాక్టరీల్లో నునుపు తేలి, లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. ఊళ్లో మిగిలింది నట్టింట్లో, అరుగుల మీద పరుచుకుని ఉంటుంది. ఎండకు వీధి మాడిపోయే మధ్యాహ్నం పూట ఆ చల్లటి బండ మీద సుద్దముక్కతో ఒక త్రికోణం, దానికి అడ్డంగా గీతలు గీస్తే పులి-మేక సిద్ధం. పులులకు మూడు చింతపిక్కలు, మేకలకు పదిహేను గులకరాళ్లు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేసినా, పులులు మేకలను ఏరుకు తిన్నా, ఎటు తిరిగినా ఆట ఒకచోట అయిపోతుంది. అయిపోయిందని ఆడేవాళ్లకే తెలుస్తుంది. లేవండ్రా అని జేజి కేకెయ్యాల్సిన పని పెద్దగా ఉండదు.

ఇప్పుడు అదే బండ మీద ఐదేళ్ల పిల్లవాడు బోర్లా పడుకుని ఫోన్లో ఆడుతుంటాడు. వాడి చేతిలోంచి దాన్ని లాక్కోవడానికి రోజుకో రభస. మొండివాడు, మాట వినడు, ఫోనుకు మరిగాడు అని నింద వాడి మీదే పడుతుంది. నిజానికి తప్పులో పెద్ద వాటా ఆటది. ఫోన్లో ఉచితంగా దొరికే ఆటల్లో చాలా వాటిని అయిపోకుండా ఉండేలాగే తయారు చేస్తారు.

క్యాండీ క్రష్ సంగతే చూడండి. ఐదు ప్రాణాలు ఇస్తుంది. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేనివాళ్లు కొనుక్కోవచ్చు. గెలిస్తే ఇంకో మెట్టు, ఆపైన మరో మెట్టు. ఆ ఆట ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సొత్తు. అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల నడిపే ఆ సంస్థ 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు క్యాండీ క్రష్ కూడా అందులో భాగంగా వచ్చింది. ముగింపు లేని ఆటలకు బజారులో ఎంత గిరాకీ ఉందో ఆ బేరం చూస్తే అర్థమవుతుంది.

పిల్లల చేత కొనిపించే తంతు అమెరికాలో ప్రభుత్వం దాకా వెళ్లింది. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 24.5 కోట్లు, బటన్ల అమరికతో మభ్యపెట్టి కొనిపించారన్న ఆరోపణ మీద ఆడినవాళ్లకు తిరిగివ్వడానికి. మిగతాది పిల్లల గోప్యత విషయంలో జరిమానా. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలకు అడ్డుకట్ట వేసింది. అయితే ఆటలో రంగు చొక్కా కోసమో, మెరిసే కత్తి కోసమో పిల్లవాడు నాయన ఫోన్లో వజ్రాలు కొంటే అది పందెం కిందికి రాదు. ఆ కాపలా ఇంట్లోవాళ్లదే.

మందు కూడా ఇంట్లోవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. ఇవాళ ముప్పై, నలభై ఏళ్ల మధ్య ఉన్న అమ్మానాన్నల్లో చాలామంది చిన్నప్పుడు అరచేతిలో పట్టే బ్రిక్ గేమ్ ఆడారు. దాని మీద ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండేది. పట్టుమని పాతిక ఆటలు కూడా ఉండవు, వేగం మార్చి, మెట్టు మార్చి ఆ లెక్క చెప్పేవారు. టీవీకి తగిలించే క్యాసెట్లలో మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, సర్కస్, ట్యాంకుల ఆట ఆడారు. నోకియా ఫోన్లో పాము ఆట ఆడారు. తనేలీ అర్మాంటో అనే ఇంజనీరు 1997లో నోకియా 6110 కోసం రాసిన ఆ పాము, తర్వాతి ఏళ్లలో చవక ఫోన్ల వెంట పల్లెపల్లెకూ పాకింది. తన తోకను తాను కరిచిందా, ఆట అయిపోయినట్టే.

ఈ పాత ఆటలను పిల్లల ముందు పెట్టమనడం ‘మా కాలమే బంగారం’ అనే పాట పాడటానికి కాదు. చిన్న పిల్లలకు వాటితో మూడు లాభాలున్నాయి.

మొదటిది, అవి ముగుస్తాయి. అరగంట అంటే ఐదేళ్ల పిల్లకు అర్థం కాదు. మూడాటలు అంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. మూడోసారి తెర మీద ‘గేమ్ ఓవర్’ అని పడ్డప్పుడు ఆ మాట చెప్పింది యంత్రం, నాయన కాదు. ‘ఇంగొక్క ఆట నాయనా’ అని బతిమాలడం అప్పుడూ తప్పదు. కానీ ఆట మధ్యలో చేతిలోంచి గుంజుకోవడానికీ, ముగిశాక ఇంకొకటి అడగడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి ఏడుపు, రెండోదానికి బేరం.

రెండోది, ఆట మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. జపాన్‌లో తోరు ఇవతాని రూపొందించగా నామ్‌కో సంస్థ 1980లో విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్‌కు బటన్ ఒక్కటీ లేదు, నాలుగు వైపులకు తిప్పే పుల్ల ఒక్కటే. తెర మీద ఒక చిట్టడవి, మేయడానికి 240 చుక్కలు, మూలల్లో నాలుగు పెద్ద గుళికలు, తరమడానికి నాలుగు దయ్యాలు. ఎర్ర దయ్యం నేరుగా వెంటపడుతుంది. గులాబీ రంగుది మనం పోబోయే చోటికి ముందే పోయి కాపు కాస్తుంది. ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, పది ఆటలయ్యేసరికి పిల్లలే కనిపెడతారు. దొంగా పోలీసు ఆడేటప్పుడు ఏ సందులోంచి ఎవడొస్తాడో పసిగట్టే తెలివి కూడా అలాంటిదే.

మూడోది, అందులో అంగడి లేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ చాలాసార్లు అంతకంటే పెద్దది. చోటు లేక, పైన తేలే మేఘానికీ కింద పెరిగే పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. పిల్లలకు అది చూపిస్తే నోరెళ్లబెడతారు, ఆ తర్వాత ఇలాంటివి ఇంకెక్కడున్నాయో వాళ్లే వెతుకుతారు. అంత పొదుపుగా అల్లిన ఆటలో ప్రకటనకూ కొనుగోలు బటన్‌కూ చోటెక్కడిది?

అలాగని పాతదల్లా మంచిదేం కాదు. ఆ రోజుల్లో ఆటలు చాలావరకు నాణేలు మింగే యంత్రాల కోసం పుట్టినవి. ఆడేవాడు త్వరగా ఓడితేనే ఇంకో నాణెం పడుతుంది. ఆ కాఠిన్యం ఇంటి క్యాసెట్లలోకీ వచ్చింది. కాంట్రాలో ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది. అందుకే పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ నొక్కే మంత్రం ఆ తరానికి నోటికొచ్చు. నొక్కితే ముప్పై ప్రాణాలు. దాన్ని మొదట పెట్టినవాడు కొనామీలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించబోతే తనకే కొరుకుడు పడక ఈ దొడ్డిదారి వేసుకున్నాడు. తయారుచేసినవాడికే గట్టెక్కని ఆటలో పసివాడికి నాలుగు ప్రాణాలు ఎక్కువ ఇస్తే మోసమేం కాదు. అసలు కాంట్రా లాంటి తుపాకుల ఆటలను ఎనిమిదేళ్లు దాటేదాకా పక్కన పెట్టడమే మేలు.

ఇద్దరు ఆడొచ్చు అని రాసి ఉన్నా ఒకసారి ఆడి చూడాలి. మారియోలో ఇద్దరూ కలిసి ఆడరు, ఒకరి తర్వాత ఒకరు. మొదటివాడి ప్రాణం పోతేనే రెండోవాడి వంతు. నాయనకు పాత అలవాటు తిరిగొచ్చి ఒకే ప్రాణంతో మూడు మెట్లు దాటేశాడంటే పక్కన కూర్చున్న పిల్ల ఆవులించి లేచిపోతుంది. అలాగే బాతులను కాల్చే డక్ హంట్ ప్లాస్టిక్ పిస్తోలు. పాత డబ్బాటీవీ వెలుగును పసిగట్టేలా తయారైంది అది. గోడకు తగిలించిన పలుచటి ఎల్‌ఈడీ టీవీ ముందు పట్టుకుంటే ఒక్క బాతూ పడదు. ఎగతాళిగా నవ్వే కుక్క ఒక్కటే మిగులుతుంది.

మరి ఏవి? రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు పెద్దవాళ్లు పక్కనుండి రోజుకు గంట లోపేనని భారతీయ శిశువైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన కూడా ఇంచుమించు ఇదే. ఆ గంటలో నాలుగైదేళ్ల పిల్లలకు ఒక్క మీట ఆటలు చాలు. సర్కస్‌లో సింహం మీద కూర్చుని మంటల చక్రంలోంచి దూకడం, క్రోమ్ బ్రౌజర్‌లో 2014 నుంచి ఉన్న డైనోసార్ పరుగు. నెట్ లేనప్పుడు ఎదురొచ్చే ఆ డైనోసార్‌కు ముళ్ల చెట్టొస్తే ఎగరడం తప్ప ఇంకే విద్యా అక్కర్లేదు. సిగ్నల్ వచ్చిపోయే పల్లెల్లో ఇంతకన్నా నమ్మకమైన ఆట లేదు. కాస్త పెద్దయ్యాక ప్యాక్‌మ్యాన్. ఆ ఆటకు ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా గూగుల్ 2010 మేలో పెట్టిన ఉచిత రూపం ఇప్పటికీ ఉంది. నాణెం వేసే బటన్ రెండోసారి నొక్కితే మిస్ ప్యాక్‌మ్యాన్ కూడా వస్తుంది. ఒకే కీబోర్డు మీద అమ్మ ఒక పక్క, పిల్ల ఒక పక్క. ఆరేళ్లు దాటితే టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాసిన ఆ ఆటలో ఉన్నవి ఏడు ఆకారాలే. బండలు పరిచే మేస్త్రీల పని చూసిన పిల్లలకు ఏ ముక్క ఎటు తిప్పితే సందు పూడుతుందో చెప్పే అవసరం ఉండదు.

యంత్రం కొనేటప్పుడు కూడా కాస్త చూసుకోవాలి. తిర్నాల అంగళ్లలో, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే ‘400 ఇన్ 1’ బాక్సుల్లో ఒకే ఆట వేరువేరు పేర్లతో మళ్లీ మళ్లీ వస్తుంటుంది. వాటిలో ఎక్కువ భాగం హక్కుదారుల అనుమతి లేని నకళ్లు. చవక ఒక్కటే వాటి గుణం కాదు, నెట్ కనెక్షన్ ఉండదు, ప్రకటన రాదు. అనుమతితో వచ్చేవే కావాలంటే పాత ఆటలను నింటెండో, అటారీ సంస్థలు మళ్లీ తెస్తూనే ఉన్నాయి. వాటి ధర సామాన్యుడికి భారం. చాలా ఇళ్లకు బ్రౌజర్‌లో దొరికే ఉచిత ఆటలే సరిపోతాయి.

అన్నిటిలోకీ పసివాళ్ల ఇంటికి తగింది ట్యాంకుల ఆట. అసలు పేరు బ్యాటిల్ సిటీ, 1985లో నామ్‌కో తెచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు, ఇటుకల గోడ మధ్యనున్న గద్దను ఇద్దరూ కాపాడాలి. ఒక్కో మెట్టులో వచ్చేవి ఇరవై శత్రు ట్యాంకులే, ఒకటొకటిగా లెక్క తగ్గుతుంది. చూసుకోకుండా తోడున్నవాడి ట్యాంకును కాలిస్తే అది కాసేపు కదలకుండా నిలబడిపోతుంది, అంతే. అన్నదమ్ములు ఆ కాసేపట్లోనే చచ్చేంత కొట్లాడుకుని, గద్ద మీదికి ట్యాంకు వస్తుంటే మళ్లీ ఒకటైపోతారు.

దాని మొదటి పలకలో ‘కన్‌స్ట్రక్షన్’ అని ఇంకో వరుస ఉంది. చాలామంది తల్లిదండ్రులు చిన్నప్పుడు దాన్ని దాటేసి నేరుగా ఆటలోకి దూకినవాళ్లే. అక్కడ ఖాళీ గళ్ల మీద ఇటుక, ఇనుము, నీళ్లు, చెట్లు ఎక్కడ కావాలంటే అక్కడ పేర్చుకోవచ్చు. ఏడేళ్ల పిల్ల అరగంట కూర్చుని గద్ద చుట్టూ ఏరు పారించి, మధ్యలో నాయన ట్యాంకు ఇరుక్కునేలా ఇనుప గోడ కట్టి, ‘ఇప్పుడు ఆడు నాయనా’ అంటుంది. నాయన ఓడిపోతాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు లేస్తాయి. పిల్ల టీవీ కట్టేసి, ఆ చిట్టడవినే ఈసారి సుద్దముక్కతో వాకిట్లో బండ మీద గీయడానికి పరిగెత్తుతుంది.