మూత్రంలో మెదడును వెదికే వ్యాపారం

గత వేసవిలో మా వీధిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు తమ మనుమరాలిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయికి 14 ఏళ్లు. అమెరికాలో తల్లిదండ్రుల దగ్గర చదువుకుంటూ, సెలవులకు తాతగారింటికి వచ్చింది. ఏడాదిన్నరగా లేచి నిలబడితే కళ్లు తిరగడం, గుండె దడ, తలనొప్పి, వికారం, ఎంత నిద్రపోయినా తీరని అలసట. బడికి వెళ్లే రోజులు సగానికి సగం తగ్గిపోయాయి.

ఆయన నా చేతిలో పెట్టిన నివేదిక రంగురంగుల పట్టికలతో చూడముచ్చటగా ఉంది. సెరటోనిన్ తక్కువ, డోపమైన్ తక్కువ, నార్‌ఎడ్రినలిన్ తక్కువ. ప్రతి పేరు పక్కనా కిందికి చూసే ఎర్ర బాణం. చివరి పుటలో ఆ లోటు పూడ్చుకొనడానికి కొనవలసిన మాత్రల జాబితా. వాటిని అమ్మేది కూడా ఆ పరీక్ష చేసినవారే. పరీక్షకు పంపినది మూత్రం.

"డాక్టరుగారూ, పిల్ల మెదడులో ఇవన్నీ తగ్గిపోయాయట. ఈ మాత్రలు మన ఊళ్లో దొరుకుతాయా?" అని అడిగారాయన.

ఈ కాగితం మీ మనుమరాలి మెదడు గురించి ఒక్క ముక్క కూడా చెప్పడం లేదన్నాను. ఆయనకు నమ్మకం కలుగలేదు. అన్ని డాలర్లు పోసి చేయించిన పరీక్ష అబద్ధం చెబుతుందా అన్నది ఆయన సందేహం. ఆ సందేహం ఎందరో తల్లిదండ్రులకు ఉంటుంది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వీటినే న్యూరోట్రాన్స్‌మిటర్లు, అంటే నాడీ ప్రసారకాలు అంటాము. గుండె వేగం, రక్తపు పోటు, చెమట, జీర్ణకోశపు కదలిక మన ప్రమేయం లేకుండా నడిచేటట్లు చూసేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. దానిలో ప్రధాన ప్రసారకాలు రెండు: ఎసిటైల్‌కోలిన్, నార్‌ఎడ్రినలిన్. మొదటిది విడుదలైన వెంటనే విచ్ఛిన్నమైపోతుంది, అది మూత్రపరీక్షకు అందదు. స్వయంచోదిత వ్యవస్థ చెడిందని చెప్పి అమ్మే పరీక్షలో ఆ వ్యవస్థకు సగం ఆధారమైన రసాయనమే కనబడదన్నమాట.

ఇక కనబడేవాటి సంగతి చూద్దాము. శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులలో తయారవుతుంది, అందులో రక్తంలోకి చేరినది ప్లేట్‌లెట్లలో నిల్వ ఉంటుంది. మూత్రంలోని డోపమైన్‌లో అధికభాగం మూత్రపిండాలు స్వయంగా తయారుచేసుకున్నదే. మెదడుకు, రక్తానికి నడుమ ఉన్న అవరోధాన్ని ఈ రసాయనాలు దాటలేవు. కాబట్టి మూత్రంలో డోపమైన్ కొలిచి మెదడులో తగ్గిందనడం, వంటింటి తూములో నీరు చూసి పూజగదిలో దీపం వెలుగుతోందో లేదో చెప్పడం వంటిది. మూత్రంలోని నార్‌ఎడ్రినలిన్ పడుకున్నా, పరుగెత్తినా, చలివేసినా, భయపడినా మారిపోతుంది. సెరటోనిన్ విరిగినప్పుడు ఏర్పడే పదార్థం రెండు అరటిపండ్లు తిన్నా మూత్రంలో పెరుగుతుంది.

మూత్రంలో ఈ రసాయనాలను, వాటి అవశేషాలను వెదకడం వ్యర్థమని నేను అనడం లేదు. పసిపిల్లలలో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరును, ఎడ్రినల్ గ్రంథిలో పుట్టే ఫియోక్రోమోసైటోమా కంతిని పసిగట్టడానికి అవి మంచి సాధనాలు. అక్కడ మేము వెదికేది మితిమీరిన పెరుగుదలను. కంతి విడుదల చేసేది రక్తంలో కలిసి మూత్రంలోకి వస్తుంది కనుక ఆ తర్కం నిలుస్తుంది. ఆ గౌరవాన్ని అరువు తెచ్చుకొని మెదడులో లోటును అమ్మడమే మోసం.

నిజంగా మెదడులోని ప్రసారకాల స్థితి తెలుసుకోవాలంటే మస్తిష్క మేరుద్రవం, అంటే జనం వెన్నులో నీరు అనేది తీయాలి. అందులో కూడా డోపమైన్, సెరటోనిన్‌లు విరిగిన తరువాత మిగిలే హెచ్.వి.ఎ., 5-హెచ్.ఐ.ఎ.ఎ. అనే పదార్థాలనే కొలుస్తారు. ద్రవాన్ని వరుసక్రమంలో గొట్టాలలో పట్టి, తక్షణం గడ్డకట్టించాలి. మొదటి గొట్టంలోని విలువ, చివరి గొట్టంలోని విలువ ఒకటి కావు. పసికందులో ఉండే స్థాయి పదేళ్ల పిల్లలో ఉండదు కాబట్టి వయసును బట్టి పోల్చాలి. ఇంత జాగ్రత్తగా చేసినప్పుడు కూడా మూర్ఛవ్యాధి, పుట్టుకలో ప్రాణవాయువు అందకపోవడం వంటి అనేక కారణాల వలన ఆ విలువలు తగ్గి కనబడవచ్చు. తక్కువ అన్నది ఒక ఆధారం మాత్రమే, రోగనిర్ధారణ కాదు.

పైగా, స్వయంచోదిత వ్యవస్థ చెడిన పిల్లలందరిలో ప్రసారకాలు తక్కువే ఉంటాయన్న ఊహకే ఆధారం లేదు. 1949లో రైలీ, డే అనే వైద్యులు వర్ణించిన ఫెమిలియల్ డిసాటనోమియా పుట్టుకతో వచ్చే జీవితకాలపు వ్యాధి. ప్రధానంగా అష్కనాజీ యూదులలో కనబడుతుంది. ఆ పిల్లలకు సంకటస్థితి వచ్చినప్పుడు రక్తంలో నార్‌ఎడ్రినలిన్, డోపమైన్ అమాంతం పెరుగుతాయి. వారి వాంతులు అణచడానికి వాడే మందులలో ఒకటైన కార్బిడోపా, మెదడు వెలుపల డోపమైన్ ఉత్పత్తిని తగ్గించేది. ఆ పిల్లలకు డోపమైన్ పెంచే మాత్రలు ఇస్తే ఏమవుతుందో పాఠకులే ఊహించగలరు.

ఆ రోజు నేను చేసిన పరీక్షకు కావలసినవి ఒక మంచం, ఒక గడియారం, రక్తపు పోటు యంత్రం. అమ్మాయిని 10 నిమిషాలు పడుకోబెట్టి నాడి చూశాను: నిమిషానికి 74. తరువాత నిలబెట్టి, పడిపోకుండా తాతగారిని పక్కన ఉంచి, మళ్లీ 10 నిమిషాలు లెక్కించాను: 126. రక్తపు పోటు పడిపోలేదు. 12 నుంచి 19 ఏళ్ల వయసువారిలో, పోటు పడిపోకుండా నాడి నిమిషానికి 40 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి, లక్షణాలు మూడు నెలలకు మించి ఉంటే పాట్స్ అనే స్వయంచోదిత వ్యాధిని అనుమానించాలి. రక్తహీనత, థైరాయిడ్ దోషం, ఒంట్లో నీరు తగ్గడం వంటి కారణాలు లేవని తేల్చుకోవాలి. ఈ వ్యాధిలో నిలబడినప్పుడు నార్‌ఎడ్రినలిన్ తగ్గడం మాట అటుంచి, చాలామందిలో పెరుగుతుంది. అలాంటి పిల్లకు దాని ముడిసరుకైన టైరోసిన్ మాత్రలు ఎనిమిది నెలలుగా మింగిస్తున్నారు!

మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికేవి హాని చేయవన్న భ్రమ ఒకటి ఉంది. సెరటోనిన్ కోసమని ఇచ్చే 5-హెచ్.టి.పి. వికారం, విరేచనాలు కలిగించగలదు. ఆందోళనకు వాడే కొన్ని మందులతో కలిస్తే గుండె వేగం, చెమటలు, వణుకు తెచ్చి ప్రాణం మీదికి తేగలదు. అవి మూల వ్యాధి లక్షణాలవలెనే ఉంటాయి కనుక మోతాదు చాలలేదనుకొని ఇంకా పెంచే ప్రమాదం ఉంది. 1989లో అమెరికాలో ఎల్-ట్రిప్టోఫాన్ మాత్రలు వాడిన 1,500 మందికి పైగా కండరాలను, నరాలను దెబ్బతీసే ఒక కొత్త వ్యాధి పాలయ్యారు. 30 మందికి పైగా మరణించారు. అవి కూడా 'సహజ' పదార్థమని అమ్మినవే.

"మా పిల్లకు ఆ మాత్రలతో గుణం కనిపించింది" అనే తల్లులు ఉన్నారు. వారి మాట అబద్ధమని నేను అనను. పాట్స్ కొన్నాళ్లు తగ్గి కొన్నాళ్లు పెరిగే వ్యాధి. ఎదిగేకొద్దీ చాలామంది పిల్లలలో సద్దుమణుగుతుంది. తగ్గిన రోజున చేతిలో ఏ సీసా ఉంటే కీర్తి దానికి దక్కుతుంది.

ఈ దుకాణాలను తిట్టి చేతులు కడుక్కుంటే అది నిజాయితీ కాదు. వాటికి గిరాకీ తెచ్చిపెట్టినది మా వైద్యవృత్తే. ఆ అమ్మాయిని అంతకు ముందు చూసిన ముగ్గురు వైద్యులు "పరీక్షలన్నీ బాగున్నాయి, బడికి వెళ్లడం ఇష్టంలేక చెబుతోంది" అన్నారట. నిలబెట్టి నాడి చూసినవారు ఒక్కరూ లేరు. నా ఉద్యోగకాలంలో నేను కూడా కిక్కిరిసిన ఓపీలో ఎందరు ఆడపిల్లలకు "బలహీనత" అని బి-కాంప్లెక్స్ రాసి పంపానో! వారిని 10 నిమిషాలు నిలబెట్టి ఉండవలసింది. మనం వినకపోతే, వింటున్నట్టు నటించేవాడి దగ్గరకు వారు వెళతారు.

ఈ వ్యాపారం వలన అంతకన్నా పెద్ద అన్యాయం వేరొక పిల్లలకు జరుగుతోంది. నాడీ ప్రసారకాలు నిజంగా తక్కువగా ఉండే పిల్లలు ఉన్నారు. ఏ.ఏ.డి.సి. అనే ఎంజైము లోపించిన శిశువుకు డోపమైన్, సెరటోనిన్ రెండూ తయారుకావు. మెడ నిలవదు, కనుగుడ్లు గంటల తరబడి పైకి తిరిగిపోతాయి, రెప్పలు వాలతాయి, చెమటలు కారతాయి, శరీరపు వేడి నిలకడగా ఉండదు. దీనిని మూర్ఛ అనో, సెరిబ్రల్ పాల్సీ అనో పొరబడి ఏళ్లు గడిపేస్తారు. డోపమైన్ బీటా-హైడ్రాక్సిలేజ్ లోపించినవారిలో నార్‌ఎడ్రినలిన్ దాదాపు శూన్యం, డోపమైన్ మాత్రం ఎక్కువ. లేచి నిలబడితే పోటు పడిపోతుంది. వారికి డ్రాక్సిడోపా అనే మందు నిలబడే శక్తినిస్తుంది. ఏ.ఏ.డి.సి. లోపానికి మెదడులోకి నేరుగా జన్యువును పంపే చికిత్సను 2022లో యూరప్, 2024లో అమెరికా అనుమతించాయి.

ఇవి అరుదైన వ్యాధులే. అయితే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపజన్యువులు కలిస్తే వచ్చేవి. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఇంకా సాగుతున్న మన తెలుగునాట వీటిని మరచిపోయే హక్కు వైద్యులకు లేదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. అనుమానం ఉన్న బిడ్డను పంపవలసినది అటువంటి చోటికి. ప్రతి అలసటకూ 'డోపమైన్ తక్కువ' అన్న ముద్ర వేసే కొద్దీ, ఆ మాట నిజమైన బిడ్డ గుంపులో కనబడకుండా పోతుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పరీక్ష చేసేవారే మందు అమ్ముతుంటే ఆ కాగితం మీద నమ్మకం పెట్టుకోవద్దు. మీ బిడ్డను పడుకోబెట్టి, నిలబెట్టి నాడి, పోటు చూడమని వైద్యుని అడగండి. అది అడగడం మర్యాద తప్పడం కాదు. ఏళ్ల తరబడి ఇచ్చే ఏ మాత్రనూ వైద్యునికి చెప్పకుండా దాచవద్దు.

ఆ అమ్మాయి వివరాలు రాసి అక్కడి నిపుణులకు ఉత్తరం ఇచ్చి పంపాను. వారు పాట్స్ అని నిర్ధారించారు. మాత్రల సీసాలు మానిపించి, తగినంత నీరు, వైద్యులు చెప్పిన మేరకు ఉప్పు, బిగుతైన మేజోళ్లు, కూర్చొని చేసే వ్యాయామంతో మొదలుపెట్టారు. పూర్తిగా నయం కాలేదు. కొన్ని రోజులు ఇప్పటికీ మంచం మీదనే గడుస్తాయట. కానీ వారంలో నాలుగు రోజులు బడికి వెళుతోందని తాతగారు మొన్న చెప్పారు. "ఇదంతా నా మనసులోనిది కాదని ఒకరు చెప్పారు, అది చాలు" అని ఆ పిల్ల ఫోనులో అన్నదట. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ ఎర్ర బాణాలను ఎవరూ కొనేవారు కారు.