రాయి ఉంది... రాత ఏదీ?

ప్రదర్శనశాలల చిట్టాలే వారసత్వ సంపదకు పట్టాలు

నరసరావుపేట: ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళాప్రదర్శనశాల 2016 సెప్టెంబరులో రెండు ప్రాచీన శిల్పాలను భారత ప్రభుత్వానికి అప్పగించింది. వాటిలో ఒకటి ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలోని చందవరం బౌద్ధక్షేత్రానికి చెందిన సున్నపురాయి ఫలకం. బుద్ధుని ఆరాధకులను మలచిన ఈ శిల్పం క్రీస్తుశకం 3వ శతాబ్ది నాటిది. గుండ్లకమ్మ ఒడ్డున ఉండవలసిన ఆ ఫలకాన్ని 2005లో న్యూయార్క్ వర్తకురాలు నాన్సీ వీనర్ నుంచి ఆస్ట్రేలియా సంస్థ 5,95,000 అమెరికా డాలర్లకు కొనుగోలు చేసింది.

అది 1960వ దశకంలోనే హాంకాంగ్‌లో ఒక విదేశీయుని చేతికి చేరిన వస్తువన్నది అమ్మకందారు చూపిన పూర్వచరిత్ర. ఆ కాగితాలు చూడటానికి సక్రమంగానే కనిపించాయి. అయితే అదే శిల్పం ఆ తర్వాత ఎంతోకాలానికి కూడా భారతదేశంలోనే ఉన్నదని చూపే ఛాయాచిత్రం బయటపడటంతో ఆ కథ కుప్పకూలింది. పోలీసు దర్యాప్తులు, దౌత్య సంప్రదింపులు, న్యాయ నిపుణుల సమీక్షలు ఎన్ని జరిగినా చివరకు శిల్పాన్ని ఇంటికి చేర్చింది ఒక పాత ఫొటో. వీనర్ 2016 డిసెంబరులో న్యూయార్క్‌లో అరెస్టయ్యారు. 2021లో నేరాన్ని అంగీకరించారు.

ఆ ఫొటో ఎవరూ తీయకపోయి ఉంటే, లేక తీసినవారు దాచకపోయి ఉంటే పరిస్థితి ఏమిటన్న ప్రశ్న చందవరంతో ముగిసేది కాదు. కృష్ణా నది ఇరువైపులా, గుంటూరు సీమ అంతటా, తెలంగాణ జిల్లాల్లో చిన్నా పెద్దా ప్రదర్శనశాలలు అనేకం ఉన్నాయి. కొన్ని కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థవి, కొన్ని రాష్ట్ర శాఖలవి, మరికొన్ని విశ్వవిద్యాలయాలవి, దేవస్థానాలవి. అద్దాల బీరువాల్లో ఉన్న విగ్రహాలకు తాళాలు, కాపలాదారులు ఉంటారు. ఆ విగ్రహం ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు అన్నది చెప్పే రిజిస్టరు మాత్రం సాధారణంగా కార్యాలయ గదిలోని ఇనుప బీరువాకే పరిమితం. సందర్శకులకు దాని ఉనికే తెలియదు.

చిట్టాలో ఏముంటుంది?

ప్రదర్శనశాలకు చేరిన ప్రతి వస్తువుకూ ఒక చేరిక సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను వస్తువుపై కనిపించీ కనిపించని చోట రంగుతో రాస్తారు. రిజిస్టరులో అదే సంఖ్య ఎదుట చేరిన తేదీ, దొరికిన గ్రామం, తవ్వకమా, దానమా, కొనుగోలా, నిధి నిక్షేపమా అన్న వివరం, కొలతలు, వర్ణన, ఛాయాచిత్రం నెగెటివ్ సంఖ్య నమోదు చేస్తారు. అధికారి బదిలీ అయినప్పుడు కొత్తవారు ఈ జాబితాను వస్తువులతో సరిచూసుకుని బాధ్యతలు స్వీకరించాలి. రైతుకు పట్టాదారు పాసు పుస్తకం ఎటువంటిదో ప్రదర్శనశాలకు ఈ రిజిస్టరు అటువంటిది. భూమి కదలదు గనుక పుస్తకం పోయినా సరిహద్దు రాళ్లను, సాగుదారుని, ఇరుగుపొరుగును అడగవచ్చు. విగ్రహానికి ఆ వెసులుబాటు లేదు. అది పెట్టెలో పట్టినంతలో ఖండాలు దాటిపోతుంది.

1972 నాటి పురావస్తువుల చట్టం 1976 నుంచి అమలులో ఉంది. నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు మొదలైన వాటిని ఛాయాచిత్రాలతో సహా నమోదు చేయించాలన్నది దాని సారాంశం. చట్టం వచ్చి అర్ధశతాబ్ది గడిచినా నమోదులోని లోటుపాట్లను ప్రభుత్వ ఆడిట్ వ్యవస్థే ఎత్తిచూపింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013లో సమర్పించిన నివేదిక దేశంలో 92 రక్షిత కట్టడాలు కనిపించడం లేదని తేల్చింది. వాటిలో కొన్ని తర్వాత దొరికాయనుకోండి. అయినా కట్టడాలకే లెక్క కుదరని చోట అరచేతిలో ఇమిడే కంచు బొమ్మలకు, నాణేలకు లెక్క ఎంత పకడ్బందీగా ఉంటుందో ఊహించుకోవలసిందే.

దీపాలదిన్నె నేర్పిన పాఠం

రికార్డులు లేకపోవడం వల్ల కలిగే నష్టానికి పల్నాడు జిల్లాలోని అమరావతి కంటే పెద్ద ఉదాహరణ దేశంలోనే అరుదు. స్థానికులు దీపాలదిన్నె అని పిలుచుకున్న మహాస్తూపపు దిబ్బను 18వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్టణ నిర్మాణం సాగిస్తున్న రోజుల్లో రాళ్ల కోసం తవ్వారు. ఆ వార్త విని సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చారు. 1816లో ఆయన మళ్లీ పరివారంతో వచ్చి స్తూపపు నేలపటాన్ని, శిల్పాల చిత్రాలను గీయించారు. ఆ చిత్రాల సంపుటి నేడు లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉంది. అందులో ఉన్న శిల్పాలన్నీ నేడు లేవు. కొన్నింటికి ఆ గీతలే మిగిలిన ఏకైక రూపం.

ఇక్కడ ఏలూరుకు చెందిన కావలి సోదరులను తలచుకోక తప్పదు. మెకంజీ వద్ద పనిచేసిన బొర్రయ్య, లక్ష్మయ్య వంటి వారు ఊరూరా తిరిగి కరణాల వద్ద ఉన్న కవిలెలను, గ్రామ కైఫీయతులను సేకరింపజేశారు. తెలుగునాట స్థానిక చరిత్ర రాయబూనిన ప్రతివారూ నేటికీ ఆ కాగితాల వద్దకే వెళుతున్నారు.

మెకంజీ తర్వాత కథ ఇంత సవ్యంగా సాగలేదు. కొన్ని శిల్పాలు కలకత్తాకు, కొన్ని మచిలీపట్నానికి తరలాయి. మచిలీపట్నంలో వాటిని సంత కూడలిలో అలంకారంగా నిలబెట్టారు. 1845లో గుంటూరు ప్రాంతంలో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ దిబ్బను తవ్వించి మరికొన్నింటిని మద్రాసుకు పంపించారు. ఆ తవ్వకాలపై సమగ్ర నివేదిక వెలువడలేదు. ఏ రాయి స్తూపంలో ఏ దిక్కున, ఏ వరుసలో ఉండేదో చెప్పగల సాక్ష్యం అక్కడితో అంతరించింది. మద్రాసులో రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లిన్నేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీయడం ఒక్కటే ఆ కాలానికి చెప్పుకోదగిన మేలు.

మరుసటి ఏడాది 121 ముక్కలు లండన్‌కు ఓడలో తరలాయి. అక్కడా వాటి గతి మారలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు చరిత్రకారుడు వెదకినప్పుడు అవి ఫైఫ్ హౌస్ అనే భవనపు బగ్గీల కొట్టంలో కనిపించాయి. సామ్రాజ్య రాజధానిలోనే, ప్రభుత్వ ఆధీనంలోనే ఉన్న శిల్పాలు ఏడేళ్లపాటు పండితులెవరికీ పట్టకుండా పోయాయంటే రాతకోతల విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. 1880 నాటికి అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే సంవత్సరం మద్రాసు గవర్నరు ఆదేశాలపై అమరావతిలో దిబ్బ మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఆ తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు స్తూపం స్థానంలో కనిపించింది ఒక పెద్ద గొయ్యి.

నేడు అమరావతి శిల్పాలు స్థానిక ప్రదర్శనశాలలో, చెన్నైలో, కోల్‌కతాలో, లండన్‌లో, పారిస్‌లో ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో సంఖ్య. 1942లో సి.శివరామమూర్తి మద్రాసు శిల్పాలకు, 1992లో రాబర్ట్ నాక్స్ లండన్ శిల్పాలకు వివరమైన గ్రంథాలు వెలువరించారు. స్తూపం ఒక్కటే అయినా దాని జాబితాలు మాత్రం ఇలా ఊరికొకటిగా మిగిలాయి.

నీటి అడుగున నేల, కాగితంపై ఊరు

అమరావతికి ఎగువన అదే నది ఒడ్డున ఉన్న నాగార్జునకొండ సంగతి మరొక రకం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. ఇక్ష్వాకుల విజయపురి వెలుగులోకి రావడానికి మొదటి మెట్టు ఒక బడిపంతులు చూపు, ఆయన పంపిన సమాచారం.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ జలాశయానికి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగక తప్పదని తెలిసి ఆర్.సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 నుంచి 1960 వరకు భారీ ఎత్తున తవ్వకాలు జరిగాయి. శిల్పాలు, శాసనాలు, కొన్ని కట్టడాలు కొండపైకి తరలాయి. లోయ మాత్రం నీట మునిగింది. ఏ పురావస్తు స్థలాన్నైనా అనుమానం వస్తే మరల తవ్వి చూడవచ్చు. నాగార్జునకొండ లోయను మరల తవ్వే అవకాశం లేదు. తవ్వినవారి దినచర్య పుస్తకాలు, కొలతల పటాలు, నెగెటివ్‌లు, వస్తువుల రిజిస్టర్లు... ఇప్పుడు అవే ఆ లోయ.

ఇంతటి పరిస్థితిలోనూ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వెలువడింది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండవ సంపుటం రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. అంటే పలుగు దించిన నాటి నుంచి 46 ఏళ్లు. తవ్వకాల్లో స్వయంగా పాల్గొన్న తరం దాదాపు కనుమరుగయ్యాక, వారు రాసి ఉంచిన కాగితాల ఆధారంగానే ఆ గ్రంథం సాధ్యమైంది. ఆ కాగితాలకు చెద పట్టి ఉంటే తెలుగువారి తొలినాటి రాజధానుల్లో ఒకదానికి చరిత్ర సగంలోనే ఆగిపోయేది.

జిల్లా మారింది, చిరునామా?

రికార్డులు భద్రంగా ఉన్నా వాటిని చదవగలగడం మరొక సమస్య. అమరావతి ఇందుకు చక్కని సాక్ష్యం. బర్జెస్ 1887 నాటి గ్రంథంలో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలు రెండూ కృష్ణా జిల్లాలోనివే. 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడటంతో అమరావతి అందులో చేరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అమరావతి పల్నాడుకు, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లాయి. ఇవి చాలవన్నట్లు అమరావతి అన్న పేరు ఇప్పుడు రాజధాని ప్రాంతానికీ వర్తిస్తోంది. ‘కృష్ణా జిల్లా, అమరావతి’ అని ఉన్న పాత నమోదును రేపటి ఉద్యోగి ఎలా అర్థం చేసుకుంటాడన్నది చిన్న విషయం కాదు. పాత పేరును చెరిపి కొత్తది రాస్తే తప్పు, కొత్తది చేర్చకపోతే అయోమయం. రెండూ ఉండాలి, మార్చిన తేదీ ఉండాలి.

2014లో రాష్ట్ర విభజనతో పురావస్తు శాఖ కూడా రెండయింది. ఉమ్మడి రాష్ట్ర కాలంలో సేకరణలు, వాటి దస్త్రాలు ఎక్కువగా రాజధాని హైదరాబాదు కేంద్రంగానే నడిచాయి. ఒక వస్తువు ఏ జిల్లాలో దొరికిందన్న గడి ఖాళీగా ఉంటే ఏ రాష్ట్రపు వాదనకైనా బలం ఉండదు. పంపకాల లాభనష్టాల మాట ఎలా ఉన్నా, రిజిస్టర్ల ప్రతులు రెండు రాష్ట్రాల వద్దా ఉండటంలో ఎవరికీ నష్టం లేదు. వస్తువును పంచుకుంటే ఒకరికే దక్కుతుంది గానీ, దాని సమాచారాన్ని పంచుకుంటే ఇద్దరికీ మిగులుతుంది.

ప్రదర్శనశాలలను ఒక తాటిపైకి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1936లో మార్ఖమ్, హార్‌గ్రీవ్స్ దేశంలోని మ్యూజియాలపై సర్వే జరిపి 105 ఉన్నట్లు లెక్క తేల్చారు. 1944లో మ్యూజియమ్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. కేంద్రం స్థాయిలో ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని జాతీయ ప్రదర్శనశాలల సేకరణలను అంతర్జాలంలో ఉంచారు. వాటిలో హైదరాబాదు సాలార్‌జంగ్‌తో పాటు నాగార్జునకొండ కూడా ఉంది. పెద్ద సంస్థల వరకు ఇది హర్షణీయమే. మండల స్థాయిలో ఒక గదిలో నడిచే ప్రదర్శనశాలను అందులోకి తెచ్చేదాకా చందవరం వంటి చోట్లకు మేలు జరిగినట్లు కాదు. దొంగలు ఎంచుకునేదీ అటువంటి చోట్లనే. కంప్యూటరులోకి ఎక్కించాక పాత పుస్తకాన్ని తూకానికి వేసే ధోరణి మరీ ప్రమాదకరం. న్యాయస్థానంలో నిలబడేది సిరా ఆరిన ఆనాటి నమోదు, దాని పక్కన ఉన్న సంతకం.

ఈ పనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ప్రతి రిజిస్టరునూ పుటపుటా ఫొటో తీయించి ఒక ప్రతిని జిల్లా కేంద్రంలో, మరొకటి రాష్ట్ర అభిలేఖాగారంలో ఉంచడం, ఏడాదికోసారి వస్తువులతో సరిచూడటం, ప్రతి శిల్పాన్నీ కొలబద్ద పక్కన పెట్టి నాలుగు వైపులా ఫొటో తీయడం చాలు. జిల్లాలోని కళాశాలల చరిత్ర విద్యార్థులకు ఇంతకంటే మంచి శిక్షణ దొరకదు.

అసలు రికార్డు పుట్టేది ప్రదర్శనశాలలో కాదన్నది కూడా గుర్తించాలి. పొలం దున్నుతుండగా విగ్రహమో, నాణేల కుండో బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలకు మించిన విలువ ఉన్న దేనికైనా ఇది వర్తిస్తుంది. తహసీల్దారు వెళతారు, పంచనామా జరుగుతుంది, వస్తువు ఖజానాకు, అక్కడి నుంచి పురావస్తు శాఖకు చేరుతుంది. ఏ సర్వే నంబరులో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికిందో చెప్పేది ఆ పంచనామా ఒక్కటే. వస్తువు వెళ్లిపోతుంది, దస్త్రం రెవెన్యూ కార్యాలయంలో ఉండిపోతుంది. గుమస్తా దాన్ని ఆర్.డిస్.గా ముగిస్తే శాశ్వతంగా భద్రపరుస్తారు. ఎల్.డిస్.గా ముగిస్తే కొద్దికాలానికే పాత కాగితాలతో కలిపి ధ్వంసం చేస్తారు.