ఖరీదైన స్కాన్ కన్నా గీకి తీసిన నమూనా మిన్న

ఎంత ఖరీదైన స్కాన్ తీస్తే కంటికి అంత మంచి వైద్యమన్న భ్రమను విడనాడండి. అంగళ్లు, మదనపల్లె ప్రాంతపు టమోటా తోటలలో ఆకో పుల్లో గీసుకొని కార్నియాపై పుండు పడిన రైతునే తీసుకోండి. ఓసీటీ కాంతి సాయంతో, కంటిని తాకకుండానే పుండు లోతును కొలుస్తుంది. యూబీఎం శబ్దతరంగాలతో ఐరిస్ వెనుక భాగాన్ని సైతం చూపుతుంది. కానీ ఆ పుండుకు కారణం శిలీంధ్రమా, బాక్టీరియానా అన్నది ఈ రెండూ తేల్చలేవు. స్లిట్ ల్యాంప్‌తో చూసి, పుండును సున్నితంగా గీకి, ఆ నమూనాను సూక్ష్మదర్శిని కింద పరీక్షించడమే తొలి మెట్టు. అది జరగకుండా మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే శిలీంధ్రం విజృంభించి చూపే పోవచ్చు. కనుక వైద్యుణ్ణి "స్కాన్ తీయరా?" అని కాదు, "గీకి చూశారా?" అని అడగండి.