ఒకటి పోతే ఎన్ని వస్తాయి?

అణుశక్తిని గురించి వ్రాసేవారు సాధారణంగా బాంబు దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ కథ అంతటిలోనూ ఎక్కువ ఆసక్తి కలిగించేది ఒక చిన్న అంకె. న్యూట్రాన్ తగిలి యురేనియం కేంద్రకం రెండుగా పగిలినప్పుడు కొత్తగా ఎన్ని న్యూట్రాన్లు బయటికి వస్తాయి? ఒకటే వస్తే దారిలో ఏదో ఒకటి దాన్ని మింగేస్తుంది, పొయ్యి రాజుకోదు. ఒకటికి మించి చాలినన్ని వస్తే అవి మరికొన్ని కేంద్రకాలను పగలగొడతాయి, వాటినుంచి వచ్చినవి ఇంకా కొన్నింటిని. 1939లో లోకం తలరాత ఈ అంకెలో ఉంది.

లెక్కపెట్టటమే గదా, అదేమంత కష్టం అనుకోకండి. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. తాను పోయిన దారిలో ఏ ఆనవాలూ వదలదు. 1932లో కేంబ్రిడ్జిలో చాడ్విక్ దాన్ని పట్టుకున్నది కూడా అది ఢీకొనగా ఎగిరిపడిన ప్రోటాన్లను చూసి. చీకటి వంటింట్లో పిల్లి కనబడదు. గిన్నెల చప్పుడును బట్టి వచ్చిందని తెలుసుకోవాలి. గిన్నెలు ఎన్నిసార్లు మోగితే పిల్లులు ఎన్ని వచ్చినట్టు? అసలు చిక్కు అక్కడ.

1939 వసంతంలో పారిస్‌లో జోలియో, హాల్బన్, కొవార్‌స్కీ అనే ముగ్గురు దీనికి ముచ్చటైన ఉపాయం పన్నారు. ఒక పెద్ద పాత్రనిండా నీరు, నడుమ న్యూట్రాన్లను వెదజల్లే మూలపదార్థం. ఆ నీటిలో ఒకసారి యురేనియం లవణం కలిపారు; మరొకసారి యురేనియం ఊసే లేని అమ్మోనియం నైట్రేట్ కలిపారు. నడిమినుంచి ఇంతదూరాన ఇన్ని న్యూట్రాన్లు అని రెండుసార్లూ కొలిచి, రెండు గీతలు గీసి పక్కపక్కన పెట్టారు. యురేనియం కొన్నిటిని మింగుతుంది గనుక ఆ నీటిలో న్యూట్రాన్లు తగ్గాలి. దగ్గరలో తగ్గాయి కూడా. కాని దూరాన ఎక్కువయ్యాయి! పగిలిన కేంద్రకాలనుంచి వేగంగా పుట్టి అంతదూరం పరుగెత్తినవి అవే. పోయినవెన్నో వచ్చినవెన్నో బేరీజు వేసి, ఒక్కొక్క విచ్ఛిత్తికి సుమారు 3.5 అని ఏప్రిల్ 22 నాటి ‘నేచర్’ పత్రికలో అచ్చువేశారు.

న్యూయార్కులో జిలార్డ్, జిన్ అనేవారు వేరే పద్ధతిన కొలిస్తే సుమారు రెండని తేలింది. ఈ జిలార్డ్ అప్పటికే, ఫిబ్రవరి 2న, ఇటువంటి ఫలితాలను అచ్చువేయకుండా ఉంటే మంచిదని జోలియోకు ఉత్తరం వ్రాశాడు. జోలియో వినలేదు. పారిస్ అంకె వెలువడిన రెండు రోజులకే, ఏప్రిల్ 24న, హార్టెక్, గ్రోట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కొత్త పేలుడు పదార్థానికి అవకాశమున్నదని తమ యుద్ధ మంత్రిత్వశాఖకు లేఖ పంపారు. జోలియోను తప్పుపట్టేవారున్నారు, నేను పట్టలేను. కనుగొన్నదాన్ని దాచటం అప్పటికి శాస్త్రజ్ఞుల ఆచారం కాదు. విచిత్రమేమంటే, అంత కలవరం కలిగించిన ఆ 3.5 ఎక్కువ లెక్క. యురేనియం-235కు మందగతి న్యూట్రాన్లు తగిలినప్పుడు సరియైన సగటు సుమారు 2.4.

సగటు అన్నాను సుమా. సున్నా దశాంశం నాలుగు న్యూట్రాన్ ఎక్కడా పుట్టదు. ఒక కేంద్రకం రెండిస్తుంది, ఒకటి మూడిస్తుంది, ఒక్కొక్కటి ఐదిస్తుంది, కొన్ని ఏమీ ఇవ్వవు. జనాభా లెక్కలవారు ఇంటికి రెండున్నర మంది పిల్లలని చెప్పటంలాంటిదే ఇదీ.

ఈ వచ్చేవాటిలోనూ కొన్ని సోమరిపోతులున్నాయి. నూటికి 0.65 వంతు మాత్రం వెంటనే రాక, కొన్ని సెకన్లు, ఒక్కొక్కప్పుడు నిమిషం దాకా తాత్సారం చేస్తాయి. ఆ ఆలస్యమే మనకు రక్ష. 1942 డిసెంబరు 2న చికాగోలో ఫెర్మీ మొదటి రియాక్టరును రాజేసినప్పుడు తరానికి తరానికి న్యూట్రాన్ల పెరుగుదల 1.0006 వంతు. ఆ సోమరిపోతులు లేకపోతే, చేతితో కాడ్మియం కడ్డీని లోపలికీ బయటికీ జరుపుతూ అదుపులో ఉంచటం అసాధ్యం.

కొలవటం ఒక ఎత్తు, పెద్ద యంత్రంలో అవి ఏమవుతాయో ముందుగా చెప్పటం మరొక ఎత్తు. 1946లో ఉలాం అనే గణితజ్ఞుడు జబ్బుపడి లేచి, పొద్దుపోక ఒంటరిగా పేకాడుకుంటూ, ఆట కలిసివచ్చే అవకాశమెంత అని ఆలోచించాడట. లెక్క కుదరలేదు. నూరుసార్లు ఆడి గెలిచినవి లెక్కపెడితే సరిపోదా అని తోచింది. న్యూట్రాన్లకూ అదే! ఎంతదూరం పోయింది, దేన్ని తాకింది, ఎగిరిపోయిందా, మింగబడిందా, పగలగొట్టిందా అని ప్రతి మలుపులోనూ పాచిక వేయటం. ఇలా వేలకొలది న్యూట్రాన్ల జీవితచరిత్రలు వ్రాయటం. జూదానికి పేరుపడ్డ మాంటీ కార్లో పేరే దీనికి పెట్టారు. అక్కడ జూదమాడటానికి డబ్బు అప్పుచేసే మేనమామో పినతండ్రో ఉలాంకు ఉండేవాడట. 1948లో ఎనియాక్ అనే కంప్యూటరుచేత ఈ పాచికలు వేయించారు. ఆ యంత్రం అందుబాటులో లేని రోజుల్లో ఫెర్మీ చిన్న ఇత్తడి బండి ఒకటి చేయించి, రియాక్టరు పటంమీద దొర్లించి న్యూట్రాన్ల దారి గీయించాడు. పిల్లల బొమ్మబండి అంటే నమ్ముతారు.

ఈనాటి కంప్యూటర్లు కోట్లకొలది న్యూట్రాన్లకు పాచికలు వేస్తాయి. అయినా పాచిక వేసేముందు ఆ 2.4ను మనిషి కొలిచి ఇవ్వవలసిందే. అందులో నూటికి ఒక వంతు తేడావస్తే రియాక్టరు పెరుగుదల లెక్క కూడా అంతే తప్పుతుంది. సోమరిపోతు న్యూట్రాన్లు మనకిచ్చే 0.65 వంతు వెసులుబాటుకంటె అదే ఎక్కువ. అందుచేత తనంతట తానే పగిలే కాలిఫోర్నియం-252 అనే మూలకాన్ని తూకపురాయిగా పెట్టుకుని, దానికి విచ్ఛిత్తికి సుమారు 3.76 చొప్పున కట్టి, మిగిలినవాటిని దానితో సరిచూస్తుంటారు.