పక్షుల పంచాంగము

మాఘము ముగిసి ఫాల్గుణము ప్రవేశించునప్పటికి ఓరుగల్లు పరిసరములలో మోదుగులు ఎఱ్ఱబారును. బూరుగుచెట్లపై గోరింకలు గుమిగూడును. చలికాలమున ఉత్తరదేశములనుండి వచ్చి పాకాల చెరువున విడిది చేసిన బాతులు తిరుగు ప్రయాణమునకు ఆయత్తమగును. ఉగాది దగ్గరపడిన కొలది కోయిల కూత హెచ్చును. ఇది యేటేట జరుగునదే. కాని యీ వత్సరము మొదటి కోయిల ఏ దినమున కూసినది? బాతులు ఏ వారమున చెరువు విడిచినవి? క్రిందటి యేటికంటె ముందా, వెనుకయా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగల పుస్తకము జిల్లాలో ఎన్ని పాఠశాలలలో కలదు?

వ్రాసి యుంచుట ఓరుగల్లు నేలకు క్రొత్త కాదు. చెరువు త్రవ్వించినవారి పేరును, కాలమును శిలపై చెక్కించిన కాకతీయుల సీమ యిది. కాని ఆ చెరువులను ఆశ్రయించిన పక్షులను గూర్చిన వ్రాత మిక్కిలి అరుదు. 1931–32లో సలీం అలీ నాటి హైదరాబాదు సంస్థానమున పక్షులను పరిశీలించి, ఆ ఫలితములను బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించెను. తొంబదియేండ్ల పిదప కూడ నాటి స్థితిని నేటితో పోల్చుటకు వీలగుచున్నదనిన, అతడు చూచినందువలన మాత్రమే కాదు, చూచినది వ్రాసినందువలన.

వ్రాత లేనిచో ఏమగునో కలివికోడి కథ తెలుపును. 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించిన యీ పక్షి 1900 తరువాత కనబడినట్లు దాఖలా లేకపోయెను. అది అంతరించినదనియే పలువురు తలచిరి. 1986లో భరత్ భూషణ్ అను శాస్త్రజ్ఞుడు స్థానికుల సహాయముతో కడప జిల్లాలో దానిని మరల కనుగొనెను. పక్షి ఆ పొదలలోనే యుండెను. లేనిది దానిని గూర్చిన వ్రాత.

అరుదైన పక్షి సంగతి యట్లుండగా, నిత్యము కనబడు పక్షి సంగతి మఱింత ఆలోచింపదగినది. దసరానాడు పాలపిట్ట దర్శనము శుభమని తెలుగువారి నమ్మకము. తెలంగాణ రాష్ట్రపక్షియు నదియే. భారతదేశపు పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక, సుమారు 12 సంవత్సరములలో పాలపిట్టల సంఖ్య దేశమున ముప్పదిశాతము తగ్గినదని తెల్పినది. అదే నివేదిక కోయిలలు, నెమళ్లు పెరిగినవనియు చెప్పినది. చెవినిండ కోయిల కూత విని వసంతము నిండుగనున్నదని సంతసించువానికి, తీగపై పాలపిట్ట లేదను మాట తోచదు. వచ్చిన పక్షి కూసి చెప్పును. రాని పక్షి చెప్పదు. దానిని పుస్తకమే చెప్పవలెను. ఆ నివేదికకు ఆధారము సుమారు ముప్పదివేలమంది పక్షిప్రియులు వ్రాసి పంపిన మూడుకోట్ల పరిశీలనలు. వారిలో హెచ్చుమంది శాస్త్రజ్ఞులు కారు. తీరిక వేళ చూచి, చూచినది దాచుకొనక పంచుకొన్న సామాన్యులు.

ఈ పనికి కావలసినది ఒక నోటుపుస్తకము, రోజునకు పదునైదు నిమిషములు. తేది, వేళ, స్థలము, పక్షి పేరు, సంఖ్య: ఇంతే. కాకిని, పిచ్చుకను గూడ వదలక వ్రాయవలెను; నేటి సామాన్యమే రేపటి అపురూపము కావచ్చును. గుర్తింపలేని పక్షిని ‘తెలియలేదు’ అని వ్రాయుట చిన్నతనము కాదు, అదియే శాస్త్రమునకు తొలిమెట్టు. జెముడుకాకి, లకుముకిపిట్ట, పసలపోలిగాడు మొదలగు పేర్లను ఇంటి పెద్దలనడిగి చేర్చినచో, పక్షులతోపాటు పలుకులును నిలుచును. ఫిబ్రవరిలో నాలుగుదినములు జరుగు పెరటిపక్షుల లెక్క 1998లో అమెరికాలో మొదలై, 2013నుండి భారతదేశమునను సాగుచున్నది. బడి పట్టికలను అందు చేర్చుటకు రుసుము లేదు.

పరీక్షల కాలమున ఇది అదనపు బరువని ఉపాధ్యాయులు అనవచ్చును. కాని లెక్కింపు గణితము, వర్ణన భాష, పరిశీలన విజ్ఞానశాస్త్రము; మూడు పాఠములు ఒక్క చెట్టుక్రింద జరుగును. పిల్లల వ్రాతలో తప్పులుండునన్న మాటయు నిజమే. ఒకే చోట, ఒకే వేళ, పలువురు ఏండ్లతరబడి వ్రాసినచో ఆ తప్పులు బయటపడును, వ్రాయనిదానిని దిద్దువాడెవడు?

పంచుకొనుటకును హద్దు కలదు. గూడున్న చోటును పదుగురికి చాటుట పక్షికి కీడు. దసరాకు పాలపిట్టలను పంజరములలో పెట్టి చూపి సొమ్ము గడించువారు కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పక్షిని పట్టుట నేరము. దర్శనము గాలిలో ఎగురు పిట్టది కావలెను గాని బందీది కాదు.

పూడికతీత కొఱకు 2024లో భద్రకాళి చెరువు నీటిని వదలివేసిరి. అంతకుముందు ఆ నీటిపై ఏ పక్షులు ఎన్ని యుండెను, తరువాత ఎన్ని తిరిగివచ్చెను అన్నది చెరువు బాగోగులకు మంచి కొలత. గట్టునకు దగ్గరలోని బడులు వ్రాసియుంచిన పట్టికలుండినచో ఈ విషయమున వాదమునకు తావుండదు. లేనిచో ఎవరి జ్ఞాపకము వారిది.

ఉగాదినాడు పంచాంగశ్రవణము తెలుగునాట ఆచారము. అందు రాబోవు ఏటి ఫలము వినబడును. ఆ పండుగకు ముందు ప్రతి పాఠశాలయు గడచిన ఏటి పక్షుల పట్టికను పిల్లలచేత చదివించినచో, అది మఱియొక పంచాంగమగును. పదియేండ్ల తరువాత అదే బడిలో చేరు బాలుడు ఆ పుస్తకము తెఱచి, ఒకనాడు తన ఊరి తీగపై పాలపిట్టలెన్ని వ్రాలెనో చదువును. పిమ్మట కిటికీ దరికి పోయి తానును లెక్కించును.