గుచ్చిన కాగితానికి కూలి లేదా?

మగ్గం వర్కు జాకెట్టు చూసి ఎంత బాగుందో అంటాం. ఎవరు కుట్టారని ఎప్పుడైనా అడుగుతాం. గుడ్డ మీదికి ఆ డిజైను ఎవరు దించారని మాత్రం అడగం. పదిహేనేళ్ళుగా అమీర్‌పేటలో ఆ పనే చేస్తున్నాను కాబట్టి నేనే అడుగుతున్నాను.

"ట్రేసింగే కదా, అందులో ఏముంది?" అంటారు. ఏముందో చెప్తాను. కొలతల ప్రకారం మెడ, చేతులు బటర్ పేపరు మీద గీసుకోవాలి. లతలు, పువ్వులు ఆ వంపులో ఇమిడేట్టు వేయాలి. 34 సైజు మెడకి వేసిన నెమలి 42కి సరిపోదు, మళ్ళీ గీయాల్సిందే. తర్వాత గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడవాలి. పాతబస్తీ జర్దోజీ పనివాళ్ళు ఈ కాగితాన్ని ఖాకా అంటారు. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని పీలికతో రుద్దాలి. ముదురు రంగు గుడ్డకి తెల్లపొడి, లేత రంగుకి నీలం. నూనె ఎక్కువైతే పట్టు మీద మరక పాకుతుంది, తక్కువైతే చుక్క దిగదు. కాగితం కాస్త కదిలినా గీత రెండుగా పడుతుంది. పట్టుచీరలో వచ్చిన జాకెట్టు గుడ్డ పాడైతే మళ్ళీ అలాంటిది దొరకదు. ఆ భయంతోనే రుద్దుతాం. సాయంత్రానికి కిరసనాయిలు వాసనకి తల పగిలిపోతుంది.

పంజగుట్టలో ఒక బొటిక్‌కి రెండేళ్ళు పనిచేశాను. వాళ్ళ బిల్లులో వర్కుకి, లైనింగుకి, కుట్టుకూలికి వేరువేరు వరుసలున్నాయి. ట్రేసింగ్‌కి లేదు. అడిగితే, "అది వర్కులోనే కలిసుంటుంది ఆంటీ" అన్నారు. నాకు ఇచ్చింది వాళ్ళకి తోచినంత. నేను గుచ్చిన చేతి అంచుల కాగితాలు మాత్రం వాళ్ళ బీరువాలోనే ఉండిపోయాయి. ఒక్క కాగితంతో ఎన్నో జాకెట్లకి డిజైను దించుకోవచ్చు. నాకు డబ్బు ముట్టింది మొదటి జాకెట్టుకే!

అమీర్‌పేట కంప్యూటర్ కోర్సులకి పేరుపడ్డ చోటు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో ఇలాంటి పనినే 'పంచింగ్' అంటారు. బొమ్మని తెర మీద పెట్టి, ఏ కుట్టు ఎక్కడ పడాలో యంత్రానికి చెప్పడం. అదీ నేర్పున్న పనే, కాదనను. కానీ మౌసు పట్టుకున్న వాళ్ళు డిజైనర్లు, సూది పట్టుకున్న మేం ట్రేసింగ్ ఆంటీలం ఎలా అయ్యాం? యంత్రం ముందు చేస్తే ఉద్యోగమూ, వంటింటి పక్కన గచ్చు మీద చేస్తే కాలక్షేపమూనా?

ఈ లెక్క కొత్తదేం కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేసే వాళ్ళని ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగా చూడడం వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందని చూపించింది. ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

"ఇంట్లో ఉండే నాలుగు డబ్బులు సంపాదించుకోండి" అని స్త్రీలకి కుట్లు నేర్పేవాళ్ళనీ ఒకటి అడగాలి. డిజైన్ల పుస్తకం చేతికిస్తున్నారు, సరే. సొంతంగా గీయడం, గీసినదానికి రేటు కట్టడం ఎందుకు నేర్పరు?

మేం కోరేది పెద్దదేమీ కాదు. బిల్లులో ట్రేసింగ్‌కి ఒక వరుస ఉండాలి. కాగితం మళ్ళీ వాడితే మళ్ళీ కూలి ఇవ్వాలి. కాగితం మూల, గీసినామె పేరుండాలి. కుట్టు పూర్తయ్యాక మేం రుద్దిన పొడి రాలిపోతుంది, రాలిపోవాలి కూడా. దాంతోపాటు మా కూలి ఎందుకు రాలిపోవాలి?