వోట్ల పెట్టె యెదుట ధర్మాసనము

న్యాయాధిపతిని ప్రజలే యెన్నుకొనవలెనను మతము అమెరికా సంయుక్త రాష్ట్రములలో క్రొత్తది కాదు. మిసిసిపీ రాష్ట్రము 1832వ సంవత్సరముననే తన న్యాయాధిపతుల నందఱిని ఎన్నికకు లోబఱచెను. అధికారుల ఆశ్రితులు ధర్మాసన మెక్కకుండుటకు ఇదియే మార్గమని నాటివారు తలంచిరి. తలంపు మంచిదే. ఫల మెట్టిదో కాలిఫోర్నియాలోని యొక న్యాయాధిపతి చరిత్ర చెప్పుచున్నది.

ఆయన పేరు ఆరన్ పెర్స్కీ. పూర్వము ప్రభుత్వపక్షమున వాదించిన న్యాయవాది. 2002లో శాంతా క్లారా కౌంటీ న్యాయస్థాన పదవికి ఎన్నికలో నిలిచి యోడిపోయెను. మఱుసటి యేడు గవర్నరు గ్రే డేవిస్ ఆయననే ఆ న్యాయస్థానమున నియమించెను! ఇక ఆఱేండ్ల కొకసారి ఎన్నిక యున్నదందురా? ప్రతిపక్షి లేనియెడల న్యాయాధిపతి పేరు వోటు పత్రముపై అచ్చువేయనే వేయరు. 2016లో జరిగినదియు నదియే. ప్రజల నడుగకయే ప్రజలు సమ్మతించిరని వ్రాసికొనుట యెట్టి ఎన్నికయో పాఠకులే చెప్పవలెను.

ఆ యేటి జూనులోనే, స్పృహ తప్పిన యొక స్త్రీపై అత్యాచారమునకు గడంగిన స్టాన్‌ఫర్డు విద్యార్థి యొకడు ఆయన యెదుట శిక్షకు నిలిచెను. ప్రభుత్వ న్యాయవాది ఆఱేండ్లు కోరగా న్యాయాధిపతి ఆఱు నెలలు విధించెను. వాడు మూడు నెలలకే వెలుపలికి వచ్చెను. చెఱసాల యా యువకుని జీవితమును పాడుచేయునని న్యాయాధిపతి జాలిపడెను. ఆ స్త్రీ జీవితము మాట యేమి? దేశమెల్ల మండిపడుటలో వింత లేదు. ఆ శిక్ష తప్పు. ఆ కోపము న్యాయము.

అయినను ఆ కోపము పోయిన త్రోవను నేను మెచ్చజాలను. ఇట్టి నేరమునకు చెఱసాల తప్పనిసరి చేయుచు రాష్ట్ర శాసనసభ 2016లోనే చట్టమును మార్చినది. న్యాయాధిపతుల నడవడిని విచారించు సంఘము ఆయనయందు దుష్ప్రవర్తన కానరాదని అదే సంవత్సరము తేల్చినది. చట్టము మాఱిన పిమ్మట 2018 జూన్ 5న వోట్లతో ఆయనను దింపుటవలన క్రొత్తగా గలిగిన దేమి? భయము. 1932 తరువాత కాలిఫోర్నియాలో న్యాయాధిపతి యెవ్వడును ఇట్లు తొలగింపబడలేదు. ఈ యుద్యమము ప్రకటింపబడిన వెంటనే ఆ రాష్ట్రములోని ఇతర న్యాయాధిపతులు విధించు శిక్షలు హెచ్చినవని 2022లో వెలువడిన యొక పరిశోధన చూపినది. హెచ్చిన శిక్ష ననుభవించువారు స్టాన్‌ఫర్డు విద్యార్థులా? ఏ చెఱసాల తలుపు దీసి చూచినను అందు బీదలే యధికము. బీదల పక్షమున వాదించు ప్రభుత్వ న్యాయవాదులు పలువురు ఈ తొలగింపు వలదన్నది ఇందులకే.

నేను పరీక్షపత్రములు దిద్దువాడను. నా యుద్యోగము పిల్లల తండ్రుల వోట్లపై నిలిచియుండినచో, ధనికుని కుమారునికి మార్కులు వేయుటకంటె దిక్కులేని పిల్లవానికి న్యాయముగా వేయుట నాకు కష్టమగును. న్యాయాధిపతియు మనుష్యుడే గదా! జాలిపడినచో పదవి పోవును, కఠినుడైనచో నిలుచునని యొకసారి తెలిసినవాడు సందేహము గలిగిన ప్రతి వ్యాజ్యమునను ఎటు మొగ్గునో యూహింపవచ్చును. న్యాయాధిపతుల నియామకమునకు కారణములు బహిరంగముగా వ్రాసి ప్రకటింపుడు. శిక్షల మేరలను శాసనసభలో తర్కింపుడు. ఆ సభ్యులను వోట్లతో నిలుపుడు, దింపుడు. అక్కడ ప్రజాగ్రహమునకు చోటు కలదు.

పెర్స్కీ స్థానమునకు నాటి వోటర్లు సిండీ హెండ్రిక్సన్ను ఎన్నుకొనిరి. ఆమెయు ప్రభుత్వపక్షమున నేరస్థులపై వాదించిన న్యాయవాదియే.